గుమ్మంలో నిలబడే మనిషి

దుంగల్ని అడక్కుండానే పట్టుకుపోయారు. అడిగి ఉంటే తుర్దిమత్ కాదనేవాడు కాదు. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు కాబట్టే ఎవరూ అడగలేదు.

పొద్దున్నే ఆయన పాకలో కూర్చుని పసిపిల్లల తొట్టె పక్క కమ్మీకి చిత్రిక పడుతున్నాడు. దొడ్డి తలుపు తోసుకుని కసాయి నోదిర్ వచ్చాడు, వాడి వెనక వీధిలోని మగవాళ్లు మరికొందరు. గోడవారన ఏళ్ల తరబడి నీడపట్టున ఆరుతున్న మల్బరీ దుంగల్ని చెరో కొసా పట్టి లేపారు.

“నోదిర్, అవి తొట్టెల కోసం ఆరబెట్టినవిరా,” అన్నాడు తుర్దిమత్.

“తొట్టెలో పడుకోడానికి ముందు పిల్లలు మిగలాలి కదా ఉస్తా,” అన్నాడు నోదిర్, వడ్రంగిని ఊరంతా గౌరవంగా పిలిచే పిలుపుతోనే. వాడి భుజాన వాళ్ల నాన్న వేటతుపాకి వేలాడుతోంది. ఆ తుపాకి తుర్దిమత్‌కి బాగా తెలుసు. దాని మడమ విరిగిపోతే అక్రోటు చెక్కతో కొత్తది చేసిచ్చింది తనే.

వాళ్లు వెళ్లాక మళ్లీ చిత్రిక అందుకున్నాడు గానీ చెయ్యి ఆడలేదు. రొట్టెల పొయ్యి దగ్గర్నుంచి భార్య ఖుమ్రి తల ఎత్తి చూసింది.

“నోట్లో మేకులు పెట్టుకున్నావా, పలకవు?”

“ఏమనమంటావే? వాడి దగ్గర తుపాకి ఉంది.”

“పురిట్లో వాడికి మొదటి స్నానం పోసిన చేతులు ఇవి. తుపాకి ఉందిట, తుపాకి!” అని పిండి ముద్దని పొయ్యి గోడకేసి చరిచింది. ఖుమ్రికి భయం వేస్తే కోపం వస్తుంది. తుర్దిమత్‌కి భయం వేస్తే భయమే వేస్తుంది.

ఇదంతా బజారులో మొదలైందన్నారు. పుచ్చకాయల బండి దగ్గర ఒక కిర్గిజ్ కుర్రాడూ ఒక ఉజ్బెక్ కుర్రాడూ కొట్టుకున్నారని ఒకరు, కాదు ఒకణ్ణి పొడిచారని ఒకరు, బజారంతా తగలబెట్టేశారని మరొకరు. తన కళ్లతో చూశానన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. మా కోష్‌బులాక్‌లో కాలువకి అవతల ఉజ్బెక్‌ల దేశం, ఇవతల కిర్గిజ్‌ల దేశం. ఇవతల మళ్లీ ఎగువపేట కిర్గిజ్‌లది, మా వీధి ఉన్న దిగువపేట ఉజ్బెక్‌లది. తాతార్లూ రష్యన్లూ, పచ్చళ్లు అమ్ముకునే కొరియావాళ్లూ ఎక్కడ చోటు దొరికితే అక్కడ. ఒకప్పుడు కాలువ దాటి పిల్లనిచ్చేవాళ్లు, అప్పడిగేవాళ్లు, తిట్టుకుని మళ్లీ ఇవతలికి వచ్చేసేవాళ్లు. తర్వాత వంతెన మీద ముళ్లతీగ వచ్చింది. ఇప్పుడు సైనికులు ఆ వంతెనని పూర్తిగా మూసేశారు. అంటే దిగువపేట వాళ్లకి పారిపోవాలన్నా దారి లేదు.

తుర్దిమత్ చేసే తొట్టెలు రెండు పేటలకీ పోతాయి. తొట్టె అడుగున పసిబిడ్డ పక్క తడపకుండా ఒక చెక్క గొట్టం అమరుస్తారు. మగబిడ్డకి వేరేది, ఆడబిడ్డకి వేరేది. “నా చేతిలో ఉన్న జాతులు ఈ రెండే,” అనేవాడు తుర్దిమత్ వచ్చినవాళ్లతో. వాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. ఈ వారం ఆ మాట అనడానికి ఆయనకి నోరు రాలేదు, వినడానికి ఎవరూ రాలేదు.

మధ్యాహ్నానికి వీధి మొగలో దుంగలు నడుమెత్తు గోడలా లేచాయి. వాటి వెనక రాళ్ల బస్తాలు పేర్చారు. కొన్ని ఇళ్ల తలుపుల మీద ఎవరో సున్నంతో ఏవో గుర్తులు వేశారు. ఎవరు వేశారో, ఏమని వేశారో తెలియక, ఇంటివాళ్లు వాటిని చెరపడానికీ భయపడ్డారు, ఉంచడానికీ భయపడ్డారు.

వీధి మొగ నుంచి మూడో ఇల్లు ఎసెన్‌కుల్‌ది. ఈ వీధి మొత్తానికి కిర్గిజ్ ఇల్లు అదొక్కటే. ఆ తలుపు మీద ఏ గుర్తూ లేదు. అవసరం లేకపోయింది.

*

సాయంత్రం ఖుమ్రి గిన్నెలో మాంసం పులుసు పోసి, పైన రొట్టె మూతపెట్టి ఇచ్చింది. తుర్దిమత్ గోడవారనే నడిచి ఎసెన్‌కుల్ ఇంటికి చేరాడు. ఎప్పుడూ వీధి మధ్యలో నడిచే మనిషి.

ఎసెన్‌కుల్ ముంగిట్లో నేరేడుపండు రంగు బొంత మీద పడుకుని ఉన్నాడు. ముప్ఫై ఏళ్లు కాలువ తూము దగ్గర పనిచేసి, రెండు దేశాల పొలాలకీ నీళ్లు వదిలినవాడు. చలికాలం నుంచి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. “కాలువ నామీద పగ తీర్చుకుంటోందిరా,” అంటాడు దానికి. కొడుకు రష్యాలో ఇళ్లు కట్టే పనిలో ఉన్నాడు. ఫోన్లు పలకడం మానేసి రెండ్రోజులైంది.

“వచ్చావా ఉస్తా. నీ దుంగలు చూశాను. కోట కట్టారుగా!” అన్నాడు ఆయాసంతోనే.

“నన్ను అడిగి కట్టార్లే అన్నా,” అని అబద్ధం చెప్పాడు తుర్దిమత్.

ఎసెన్‌కుల్ భార్య సయ్‌ఖాల్ అతని వీపు వెనక దిళ్లు సర్ది కూర్చోబెట్టింది. పులుసు రెండు చెంచాలు దిగింది, మూడోది గడ్డం మీదికి కారింది.

“ఉస్తా, నేను పోతే నా గుమ్మంలో ఎవడు నిలబడతాడు?” అన్నాడు ఎసెన్‌కుల్. “కొడుకు అక్కడెక్కడో ఉన్నాడు. తమ్ముడు కొండ మీద ఉన్నాడు. ఇంక మిగిలింది నువ్వేగా.”

“ఆ మాటలెందుకన్నా ఇప్పుడు.”

“నడుముకి దట్టీ కట్టుకుని కర్ర పట్టుకుంటావు, అంతవరకూ బాగుంటుంది. తర్వాత నువ్వు ఏడుస్తావు. అదీ నా బాధ.” ఎసెన్‌కుల్ సయ్‌ఖాల్ వైపు తిరిగాడు. “వీళ్ల నాన్న పోయినప్పుడు విన్నావుగా? దూడ అరిచినట్టు ‘మ్మే’ అని! ఆ ముసలాయన లేచి ‘ఎవర్రా అది’ అంటాడనుకున్నాను.”

సయ్‌ఖాల్ తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

“మా ఏడుపు మాది. మీలాగా ఎద్దు రంకె వేసినట్టు అరిస్తే చచ్చినవాడే కాదు, బతికున్నవాళ్లు కూడా జడుసుకుంటారు,” అన్నాడు తుర్దిమత్.

“మరి? చావుకి వచ్చేవాడు ఊరి మొదట్లోనే గొంతెత్తాలి. గుమ్మంలో ఉన్నవాడు బదులు పలకాలి. బదులు రాకపోతే వచ్చినవాడు ఏమనుకుంటాడు? ఇక్కడ మనవాళ్లెవరూ లేరనుకుంటాడు.” దగ్గు తెర వచ్చింది. తగ్గాక తుర్దిమత్ చేతిమీద చెయ్యేశాడు. “గొంతులోంచి కాదురా. కడుపులోంచి తియ్యాలి. ఏదీ, ఒక్కసారి అను.”

“పిచ్చా నీకు? వీధంతా విని ఏమయిందోనని పరిగెత్తుకొస్తారు.”

“అదీ నిజమే,” అన్నాడు ఎసెన్‌కుల్. గోడ అవతల నోదిర్ గొంతు ఎవరితోనో గట్టిగా మాట్లాడుతోంది. ముగ్గురూ మాట ఆపి అది దూరమయ్యేదాకా విన్నారు.

*

మర్నాడు పొద్దున వీధి పెద్ద హషిమ్‌జాన్ వచ్చి తుర్దిమత్‌ని వెంట రమ్మన్నాడు. మృదువుగా మాట్లాడే మనిషి. ఎవరికైనా చేదు మాట చెప్పాలంటే ముందు గడ్డం సవరించుకుంటాడు. దారిపొడుగునా సవరించుకుంటూనే ఉన్నాడు.

“నువ్వేమీ అనక్కర్లేదు ఉస్తా. పక్కన ఉంటే చాలు. నువ్వుంటే ఎసెన్‌కుల్‌కి ధైర్యంగా ఉంటుంది.”

ఎసెన్‌కుల్ ఇంట్లో జోయా ఉంది. దిగువపేట ఆసుపత్రిలో నర్సు, రష్యన్ ముసలావిడ. తెల్లకోటు వేసుకుని రెండు పేటల మధ్యా తిరుగుతున్న మనిషి ఊళ్లో ఆవిడొక్కతే. సూది తీసి దూది అదుముతోంది.

హషిమ్‌జాన్ కుశల ప్రశ్నలన్నీ అయ్యాక అసలు సంగతికి వచ్చాడు. కుర్రాళ్లు ఆవేశంలో ఉన్నారు. తన మాట ఎంతవరకు వింటారో తెలియదు. రాత్రికి ఏదైనా జరగరానిది జరిగితే వీధికే మచ్చ. అందుకని సాయంత్రంలోగా ఎగువపేటకి వెళ్లిపోతే అందరికీ మంచిది.

“ఈయన్ని పక్క మీంచి ఎత్తితే ఊపిరి ఆగిపోతుంది,” అంది జోయా తల తిప్పకుండానే.

“బండి ఏర్పాటు చేస్తాంగా తల్లీ.”

“నేను చెబుతోంది బండి గురించి కాదు.”

ఎసెన్‌కుల్ హషిమ్‌జాన్ వైపు చూడలేదు. అతని కళ్లు తుర్దిమత్ మీద ఉన్నాయి. “ఉస్తా, నువ్వూ అదే అంటున్నావా?”

తుర్దిమత్ గుమ్మం దగ్గరే ఆగిపోయి గడియ పట్టుకుని ఉన్నాడు. ఆ గడియ కూడా తను చెక్కిందే. బయట వీధిలో ఎవరో రాళ్లు బస్తాలోకి ఒంపుతున్నారు. ఆ చప్పుడు ఆగితే మాట్లాడదామనుకున్నాడు. చప్పుడు ఆగింది.

“నీ మంచికే అన్నా,” అన్నాడు.

ఎసెన్‌కుల్ తలాడించాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే తుర్దిమత్ జన్మంతా అతనికి రుణపడి ఉండేవాడు.

బండి రాకముందే, ఎండ ఇంకా ముంగిట్లో ఉండగానే ఎసెన్‌కుల్ పోయాడు. సయ్‌ఖాల్ గొంతు విని ఖుమ్రి చెప్పుల్లేకుండా పరిగెత్తింది. తుర్దిమత్ వెళ్లేసరికి జోయా చనిపోయినవాడి గడ్డం కింద గుడ్డ కడుతోంది.

“వాళ్ల తమ్ముడికి చెప్పాలి,” అన్నాడు తుర్దిమత్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “కొండ మీద, ఉచ్-తెరెక్‌లో ఉంటాడు. తొక్తోసున్ అని.”

“ఎగువపేట దాకా నేను వెళతాను. అక్కణ్ణుంచి గుర్రం మీద ఎవరినైనా పంపుతారు,” అంది జోయా. సంచీ సర్దుకుంటూ ఆయన ముఖంలోకి చూసింది. “ఇక్కడ మగవాళ్లెవరున్నారని చెప్పమంటావు?”

“ఉస్తా ఉన్నాడని చెప్పు.”

జోయా వెళ్లిన తర్వాతగాని కబురు సంగతి వీధికి తెలియలేదు. తెలిశాక హషిమ్‌జాన్ ఈసారి గడ్డం సవరించుకోలేదు.

“నీకు మతి పోయిందా? ఎవరు రాకూడదని ఇంత గోడ కట్టామో వాళ్లకి నువ్వే కబురంపుతావా?”

“చావు కబురు పెద్దాయనా. పంపకుండా ఎలా ఉంటాం?”

“ఒకరిద్దరు చప్పుడు చేయకుండా రమ్మనాల్సింది!”

“వాళ్లు చప్పుడు చేయకుండా చావుకి రారు. నీకూ తెలుసుగా.” అది అంటుంటేనే తుర్దిమత్‌కి జరగబోయేది కళ్లకి కట్టింది. కొండ మీంచి మందగా దిగుతారు. ఊరి మొదట్లోనే రంకెలు వేస్తారు. మొగలో తుపాకి పట్టుకుని నిద్రలేని నోదిర్ ఉంటాడు. ఒక్క గుండు పేలితే చాలు, ఈ వీధిలో రేపు సాయంత్రానికి తొట్టె ఊపడానికి ఎవరూ ఉండరు. కబురు వెనక్కి తీసుకునే దారి లేదు. పిలిచింది తను.

నోదిర్ అంతా విని దుంగ మీద ఉమ్మేశాడు. “ఏడవడానికి వచ్చేవాణ్ణి నేనేం చెయ్యను ఉస్తా. కాని ఏడవడానికి వస్తున్నాడో కాదో దగ్గరికొచ్చాక తెలుసుకునేంత తీరిక మాత్రం నాకుండదు.”

*

పొద్దున ఖుమ్రి పెట్టె అడుగునుంచి నల్లచారల అంగీ తీసింది. తండ్రి చావుకి వేసుకున్నాక తుర్దిమత్ దాన్ని మళ్లీ ముట్టుకోలేదు. ఖుమ్రి ఆయన నడుం చుట్టూ దట్టీ తిప్పి, మోకాలు ఆనించి బిగించింది.

“ఊపిరాడటం లేదే.”

“ఆడనక్కర్లేదు. నిలబడితే చాలు,” అంది. దట్టీ కొస దోపుతూ నుదురు ఆయన వీపుకి ఒక్క క్షణం ఆనించింది. “ఇంట్లోకి మాత్రం పరిగెత్తుకు రాకు. నేను అక్కడే సయ్‌ఖాల్ పక్కన ఉంటాను, ఇక్కడ తలుపు తీసేవాళ్లు ఎవరూ ఉండరు.”

ఎసెన్‌కుల్ గుమ్మం ముందు తుర్దిమత్ ఒక్కడే నిలబడ్డాడు. చావు జరిగిన ఇంటి ముందు వరసగా నిలబడాల్సిన మగవాళ్లు ఎదురింటి తలుపు సందుల్లోంచి చూస్తున్నారు. వాళ్లని ఏమనడానికీ ఆయనకి మనసొప్పలేదు. నిన్నటిదాకా తనూ ఆ సందుల వెనకే ఉన్నాడు. చేతిలో కర్ర చెమటకి జారుతోంది. మాటిమాటికీ అంగీకి తుడుచుకుంటున్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చేవేళ కుక్కలు మొదలుపెట్టాయి. తర్వాత దూరంగా, కాలువ గట్టు వైపు నుంచి ఒక శబ్దం వచ్చింది. ముందు ఒక్క గొంతు. దాని వెంట పది గొంతులు, ఇరవై గొంతులు. మాటలు తెలియడం లేదు. గుర్రాల డెక్కలు, వెనక ఒక లారీ రొద.

“వచ్చేశారు! వచ్చేశారు!” అని మొగలో ఎవరో కేక పెట్టారు. వీధిలో తలుపుల గడియలు వరసగా పడ్డాయి. ఎక్కడో ఒక తల్లి పిల్లల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తోంది.

మలుపు తిరిగి ముందు నాలుగు గుర్రాలు కనిపించాయి. వాటి మీది మనుషులు జీనుల మీద అటూ ఇటూ తూలిపోతూ అరుస్తున్నారు. వెనక కాలినడకన పరుగులాంటి నడకతో మందగా జనం. ఆ వెనక లారీ. లారీ నిండా ఎర్రరంగు వేసిన పొడుగాటి కర్రలు బారులు తీరి ఆకాశంలోకి లేచి ఉన్నాయి.

“బల్లేలు! లారీడు బల్లేలు తెచ్చారు!”

నోదిర్ దుంగ మీద మోచెయ్యి ఆనించి తుపాకి భుజానికి ఎత్తాడు. అక్రోటు మడమ వాడి దవడకి అతుక్కుంది.

తుర్దిమత్‌కి ఆ కర్రలేమిటో చూడగానే తెలిసింది. గుడారం వాసాలు. చచ్చిపోయినవాణ్ణి గుడారంలో పడుకోబెట్టి సాగనంపితేనే వాళ్లకి తృప్తి. అలాంటి వాసాలు తనే ఎన్నిసార్లు వంచి, రంగేసి ఇచ్చాడో. నోదిర్ కూడా చూడనివి కావు. కాని భయంతో చూసేవాడికి వాసం వాసంలా కనబడదు. పరిగెత్తి వాడి చెయ్యి పట్టుకుందామనుకున్నాడు. కాని గుమ్మంలో నిలబడినవాడు గుమ్మం వదలకూడదు. బదులు పలకాలి, అంతే. పలకాలని నోరు తెరిచాడు.

ఏమీ రాలేదు.

గుర్రాలు దగ్గరయ్యాయి. దుంగల వెనకనుంచి రాయి విసిరితే అందేంత దగ్గర. “నోదిర్, కొట్టరా!” అన్నారెవరో ఏడుపు గొంతుతో.

తుర్దిమత్ మళ్లీ నోరు తెరిచాడు. ‘మ్మే’ అని సన్నగా, విరిగి వచ్చింది. ఆ దూడ అరుపు తన చెవినే పడగానే ఎసెన్‌కుల్ గుర్తొచ్చాడు. గోడవైపు తిరిగిన వీపు గుర్తొచ్చింది. నీ మంచికే అన్నా, అన్న మాట గుర్తొచ్చింది. దట్టీ కింద కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. దాన్ని ఆపే శక్తి ఆయనకి లేకపోయింది.

“అన్నో! నా అన్నో! పోయావా నా అన్నో!”

కర్ర మీద వాలిపోయి రంకె వేశాడు. తన గొంతని తనే నమ్మలేకపోయాడు. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆ ఒక్క గొంతే ఉంది. “నీ గుమ్మంలో నేనే ఉన్నానన్నో! నేనే మిగిలానన్నో!”

దుంగల అవతల అరుపులు ఒక్క క్షణం ఆగిపోయాయి.

తర్వాత అవతల నుంచి మళ్లీ గొంతులు లేచాయి. ఈసారి మాటలు తెలిశాయి. “మా పెద్ద దిక్కో! మమ్మల్నొదిలేశావా!” ముంగిట్లోంచి సయ్‌ఖాల్ శోకం అందుకుంది, దానికి జతగా ఖుమ్రి. అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి, పిలుపూ బదులుగా ఏడుపు నడుస్తోంది. నోదిర్ కన్ను తుపాకి మీంచి లేచింది. వెనక్కి తిరిగి తుర్దిమత్‌ని చూశాడు. మళ్లీ ముందుకి చూశాడు. ఏ వైపు చూడాలో వాడికి తెలియలేదు.

ముందున్న గుర్రం మీంచి ఒక నెరిసిన మనిషి దిగాడు. కొరడా నేల మీద పడేసి, రెండు అరచేతులూ కనబడేలా పట్టుకుని, ఏడుస్తూనే దుంగలు ఎక్కి దిగాడు. నోదిర్ పక్కనుంచే, తుపాకి గొట్టం అంగీకి రాసుకునేంత దగ్గరగా నడిచి వచ్చి తుర్దిమత్‌ని కావలించుకున్నాడు. ఎసెన్‌కుల్ తమ్ముడు తొక్తోసున్. బండలాంటి మనిషి, కావలించిన పట్టు వదల్లేదు.

“కాలువ గట్టు నుంచే గొంతెత్తాం ఉస్తా,” అన్నాడు చెవి దగ్గర, ఎవరికీ వినబడకుండా. “ఏడుస్తూ వచ్చేవాళ్లని కాల్చరులే అనుకున్నాం. ఎంతసేపటికీ బదులు రాకపోయేసరికి ఇంక అయిపోయాం అనుకున్నాను.”

వాళ్లూ భయపడతారని తుర్దిమత్‌కి అప్పటిదాకా తట్టలేదు. వీధిలో ఎవరికీ తట్టి ఉండదు.

లారీ దుంగల దగ్గర ఆగిపోయింది. గుడారం లోపలికి రావాలి. అటువైపు మనుషులు, ఇటువైపు మనుషులు, మధ్యన దుంగలు. వాటిని ముందు ఎవరు ముట్టుకోవాలో తేలక అందరూ నిలబడి ఉన్నారు. తుర్దిమత్ ముఖం తుడుచుకుని మొగ దాకా నడిచాడు.

“నోదిర్, ఆ కొస పట్టు.”

“ఉస్తా, పెద్దాయన్ని ఒకమాట అడగకుండా...”

“అడగడానికేముందిరా. అవి నా దుంగలు.”

నోదిర్ తుపాకిని వీపు మీదికి తోసుకుని వంగి దుంగ కొస పట్టాడు. రెండో దుంగకి ఎదురింటి తలుపు తెరుచుకుంది. మూడోదానికి కొండ మనుషులు చెయ్యేశారు.

*

ఎసెన్‌కుల్ ఆ రాత్రి తన ముంగిట్లో గుడారంలో పడుకున్నాడు. మర్నాడు మట్టిచేశారు. వీధిలోని మగవాళ్లు చాలామందే పాడె కింద భుజం పెట్టారు. అందరూ కాదు. కొందరు పెట్టిన భుజాన్ని వెంటనే తీసేసుకున్నారు. శ్మశానం నుంచి కొండవాళ్లు అటునుంచి అటే వెళ్లిపోయారు, గుడారం విప్పి లారీకెక్కించి తొక్తోసున్ కూడా బయలుదేరడానికి సిద్ధమవుతున్నాడు. ఊరు బాగుపడిపోలేదు. ఆ సాయంత్రం కూడా ఎగువపేట వైపు పొగ కనిపించింది. అది రొట్టెల పొయ్యిదో మరొకటో ఎవరూ తేల్చలేకపోయారు.

చీకటి పడకముందే హషిమ్‌జాన్ వచ్చాడు. తుర్దిమత్ ఇంకా దట్టీ విప్పలేదు. సయ్‌ఖాల్ ఇంటి గుమ్మంలో అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

“చెయ్యాల్సింది చేశాం ఉస్తా. దేవుడు ఆయన్ని చల్లగా చూస్తాడు. ఇప్పుడు దుంగలు మళ్లీ మొగలో పెట్టిద్దాం. సయ్‌ఖాల్ కూడా మరిదితో వెళ్లిపోతే నిశ్చింతగా ఉంటుంది. లారీ ఇంకా ఇక్కడే ఉందిగా.”

లోపల నుంచి సయ్‌ఖాల్ పలికింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. “నేనెక్కడికి వెళతాను పెద్దాయనా? నలభై రోజులు ఈ ఇల్లు కదలకూడదు. పరామర్శకి వచ్చేవాళ్లు ఆయన ఇంటికే వస్తారుగాని, కొండ మీదికి రారుగా.”

“ఇంకా వస్తారా?” అన్నాడు హషిమ్‌జాన్.

“వేసవి మేతకి పైకెళ్లినవాళ్లకి ఇంకా కబురే అందలేదు. వింటే వాళ్లు దిగుతారు. ఆయన తూము దగ్గర ముప్ఫై ఏళ్లు చేశాడు. కాలువ అవతలివాళ్లు కూడా దారి తెరిస్తే వస్తారు.”

హషిమ్‌జాన్ చెయ్యి గడ్డం మీదికి వెళ్లింది. చావు ఇంటి దారి మూసినవాడన్న పేరు ఏ పేటలోనూ ఎవడూ మోయలేడు, వీధి పెద్ద అసలే మోయలేడు. “నలభై రోజులయ్యాకో?” అన్నాడు చివరికి.

“తర్వాత ఏడాది విందు ఉంటుంది కదా,” అన్నాడు తుర్దిమత్.

హషిమ్‌జాన్ ఆయన్ని ఎగాదిగా చూసి వెళ్లిపోయాడు. తుర్దిమత్‌కి ధైర్యం వచ్చిందని కాదు. ఆ మాట అన్నాక, హషిమ్‌జాన్ కనుమరుగయ్యేదాకా అరుగు దిగలేదు. దుంగలు వీధి పక్కన గోడకి ఆనించి ఉన్నాయి. వాటిని దొడ్లోకి తెచ్చుకుందామన్నా తోడు పట్టేవాళ్లు ఎవరూ రాలేదు. మళ్లీ మొగలో పెట్టడానికీ ఎవరూ రాలేదు.

తెల్లవారింది. ఖుమ్రి పొయ్యి వెలిగించింది. తుర్దిమత్ అంగీలో ఒక చెయ్యి దూర్చి రెండో చేతికోసం వెతుక్కుంటున్నాడు. వీధి మొగలో గొంతులు లేచాయి. ఇద్దరు ముగ్గురు ఉంటారు, మేత నుంచి దిగినవాళ్లు. రంకెలు దగ్గరవుతున్నాయి. ఎసెన్‌కుల్ గుమ్మంలో ఎవరూ ఉండి ఉండరు. బదులు ఆలస్యమైతే ఏమవుతుందో ఆయనకి తెలుసు. దట్టీ చేతిలోనే పట్టుకుని బయటికి పరిగెత్తాడు.

సగం దారిలో ఉండగానే బదులు వినిపించింది.

ఎసెన్‌కుల్ గుమ్మం ముందు నోదిర్ నిలబడి ఉన్నాడు. కొట్టు నుంచి అలాగే వచ్చినట్టున్నాడు. కత్తులు తుడుచుకునే గుడ్డని దట్టీలా నడుముకి చుట్టుకున్నాడు. తుపాకి ఇంకా వీపు మీదే ఉంది. చేతిలో కర్ర లేదు కాబట్టి గుమ్మం చెక్కని పట్టుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని, మెడ నరాలు ఉబ్బేలా గొంతు చించుకుంటున్నాడు. “మ్మే” అని, అచ్చంగా దూడ అరిచినట్టు.

తుర్దిమత్ వెళ్లి వాడి పక్కన నిలబడ్డాడు. దట్టీ చుట్టుకుని, కొస దోపుకున్నాడు.

“కడుపులోంచి తియ్యరా,” అన్నాడు.